మళ్లీ గాలి పోయిందా?

సైకిలుకు పంక్చర్ పడటం వింతేం కాదు. పంక్చర్ వేయించుకుని, షాపాయన చేతిలో చిల్లర పెట్టి, నాలుగు ఫర్లాంగులు పోయేసరికి అదే చక్రం మళ్లీ కూర్చుంటుందే, అదీ అసలు బాధ. నంద్యాల జిల్లా గడివేముల చుట్టుపక్కల ఊళ్ల నుంచి బడికీ, చేనికీ, కూలికీ సైకిలు మీద పోయేవాళ్లలో ఈ బాధ పడనివాళ్లు అరుదు. సైకిలు తోసుకుంటూ తిరిగొచ్చే మనిషిని చూసి అరుగు మీద కూచున్నవాళ్లు "ఏం మామా, మళ్లా పోయిందా?" అంటారు. షాపాయన ట్యూబు బయటికి లాగి, నీళ్లలో ముంచి, "నేనేసిన ప్యాచీ నిలబడే ఉంది సూడప్పా, ఇది వేరే బొక్క" అంటాడు. మనకు నమ్మబుద్ధి కాదు. కానీ చాలాసార్లు ఆయన చెప్పేదే నిజం. ప్యాచీ గట్టిగానే ఉంటుంది. దానికి అంగుళం దూరంలో కొత్త బొక్క పడి ఉంటుంది. మొదటి బొక్క చేసిన ముల్లు ఇంకా టైరులోనే ఉంది కాబట్టి.

మనం వైద్యం చేయిస్తున్నది ట్యూబుకు. రోగం ఉన్నది టైరులో. టైరులోకి అది వచ్చింది రోడ్డు అంచు నుంచి. ఆ అంచులోకి సైకిలును నెట్టింది ఎవరన్నది ఆ తర్వాతి ప్రశ్న. ఈ వరసలోనే పోదాం.

బొక్క ఎక్కడ పడింది?

పంక్చర్ షాపులో కూచున్నప్పుడు ఫోను పక్కన పెట్టి ట్యూబు వైపు చూడాలి. బొక్క ఎక్కడుందో చూస్తే అది ఎందుకు పడిందో సగం తెలిసిపోతుంది.

రోడ్డును తాకే వైపు, టైరుకు ఆనుకునే పక్కన ఉంటే ముల్లో, మేకో, తీగో, గాజు పెంకో బయటి నుంచి దిగినట్టు. లోపలి వైపు, రిమ్ముకు ఆనుకునే పక్కన ఉంటే రోడ్డు నిర్దోషి. రిమ్ము లోపల చువ్వల కొసలు పైకి పొడుచుకొచ్చి ఉంటాయి. లేదా వాటి మీద కప్పిన రిమ్ము టేపు పక్కకు జరిగి ఉంటుంది, చిరిగి ఉంటుంది, అసలు లేకుండానే ఉంటుంది. పాత సైకిళ్లకు రిమ్ము లోపల తుప్పు పొరలు లేచి అవే ట్యూబును గీస్తుంటాయి. ఇలాంటప్పుడు ఎన్ని ప్యాచీలు వేసినా దండగే. చువ్వ కొసను ఆకురాయితో అరగదీయాలి, టేపు మార్చాలి. టేపు లేకపోతే పాత ట్యూబును సన్నటి పట్టీగా కోసి రిమ్ము చుట్టూ తొడిగినా పని జరుగుతుంది.

పక్కపక్కనే రెండు సన్నని చీలికలు కనిపిస్తే తప్పు గాలిది. గాలి తక్కువగా ఉన్న చక్రం గుంతలో పడ్డప్పుడు, కంకర రాయి అంచు ఎక్కినప్పుడు టైరు రిమ్ము దాకా అణిగిపోతుంది. రిమ్ము రెండు అంచులకూ టైరుకూ మధ్య ట్యూబు నలిగి రెండు చోట్ల తెగుతుంది. వాల్వు మొదట్లో చిరిగితే అదీ గాలి తక్కువైనందుకే. గాలి లేని టైరు తొక్కేకొద్దీ రిమ్ము మీద కొంచెం కొంచెం జరుగుతూ ట్యూబును తనతో లాక్కుపోతుంది. వాల్వు మాత్రం రిమ్ము బెజ్జంలో ఇరుక్కుని కదలదు. ఆ లాగుడుకు మొదలు తెగుతుంది. అక్కడ ప్యాచీ నిలవదు, ట్యూబు మార్చాల్సిందే.

ఇవేవీ కాకుండా రాత్రి నిండా గాలి కొట్టిన చక్రం తెల్లారేసరికి మెత్తబడితే, ముందు టైరు ఊడదీయించకండి. మన ఊరి సైకిళ్లలో ఎక్కువ వాటికి ఉన్నది పాత తరహా డన్‌లప్ వాల్వు. దాని లోపలి పుల్లకు అగ్గిపుల్ల మందాన సన్నటి రబ్బరు తొడుగు ఉంటుంది. షాపుల్లో దాన్ని వాల్వు ట్యూబు అంటారు. పంపు ఒత్తిడికి ఆ తొడుగు తెరుచుకుని గాలిని లోపలికి పోనిస్తుంది, లోపలి ఒత్తిడికి మూసుకుంటుంది. ఎండకు ఎండి, పాతబడి, అది పగిలితే గాలి మెల్లగా కారుతుంది. గ్లాసులో నీళ్లు పోసి వాల్వు ముంచితే బుడగలు కనిపిస్తాయి. నీళ్లు లేకపోతే వేలికి ఉమ్మి తడి చేసుకుని వాల్వు మూతికి రాసినా చాలు, అది మన తాతల పద్ధతి. సైకిలు సామాన్లలో అంతకంటే చవకైనది ఇంకోటి ఉండదేమో. దాని కోసం ట్యూబంతా నీళ్లలో ముంచి, లేని బొక్కను వెతికే వాళ్లున్నారు.

కమలాపురంలో నాటిన ముల్లు

ఇప్పుడు ముల్లు సంగతి. నంద్యాల సీమలో సైకిలు పంక్చర్లకు మొదటి ముద్దాయి సర్కారు తుమ్మ. కాలువ గట్ల మీద, చెరువు లోపల, డొంకల పక్కన, బీడు పడ్డ చేలల్లో ఎక్కడ చూసినా అదే. దాని శాస్త్రీయ నామం ప్రోసోపిస్ జూలిఫ్లోరా, పుట్టిల్లు అమెరికా ఖండం. తనంతట తాను రాలేదు. 1876లో మద్రాసు ప్రెసిడెన్సీ అటవీ అధికారి బెడ్డోమ్ ఈ చెట్టు మెట్ట నేలలకు, వంటచెరుకుకు పనికొస్తుందని విత్తనాలు తెప్పించమని రెవెన్యూ శాఖకు రాశాడు. 1877లో జమైకా నుంచి వచ్చిన విత్తనాలు మన కడప జిల్లా కమలాపురంలో నాటారు. భారతదేశంలో ఈ చెట్టు తొలి అడుగుల్లో ఒకటి రాయలసీమ నేల మీదే పడిందన్నమాట. ఆ తర్వాత దానికి ఎవరి సాయమూ అక్కర్లేకపోయింది. గొర్రెలు, మేకలు, పశువులు తియ్యటి కాయలు తిని ఊరూరా విత్తనాలు మోశాయి.

దాన్ని పూర్తిగా తిట్టడానికీ మనసు ఒప్పదు. వానలు లేని ఏళ్లలో ఎన్నో ఇళ్లలో పొయ్యి వెలిగింది దాని కట్టెతోనే. బొగ్గు బట్టీలు నడిచిందీ దాని మీదే. చేనికి కంప వేయాలన్నా అదే. కానీ కంప అంటే ముళ్లే కదా. చెట్టును నరికి, కొమ్మలు ట్రాక్టరుకో బండికో కట్టి రోడ్డు మీద ఈడ్చుకుపోతే, దారి పొడవునా ముళ్లు రాలుతూనే ఉంటాయి. పచ్చిగా ఉన్నప్పుడు ఆ ముల్లు వంగుతుంది, టైరును అంతగా కరవదు. వారం ఎండలో ఎండిందంటే మేకు కంటే ఘోరం. రెండంగుళాల దాకా పెరుగుతుంది, మొన సూదిలా ఉంటుంది. పైగా టైరులో దిగిన తర్వాత రోడ్డుకు తగిలి బయటి భాగం విరిగిపోతుంది. లోపల మిగిలిన ముక్క కంటికి కనిపించదు, బయటి నుంచి వేలికి అందదు. మనిషి బరువు పడ్డప్పుడల్లా కొంచెం కొంచెం లోపలికి జరుగుతుంది. ఈ రోజు దిగిన ముల్లు రేపో ఎల్లుండో ట్యూబును పొడుస్తుంది. అందుకే "ఇంట్లో నిలబెట్టిన సైకిలుకు గాలెట్లా పోయింది?" అన్న అనుమానం. ఆ ముల్లు ఎప్పుడో, ఏ డొంకలోనో ఎక్కి ఉంటుంది.

రెండో ముద్దాయి ఇంకా చిన్నది, ఇంకా పాతది. పల్లేరు. నేలను అంటుకుని పాకే ఈ తీగకు పసుపు పచ్చని పూలు, తర్వాత అయిదు చెక్కలుగా విడిపోయే కాయలు. ఆ చెక్క ఎటు పడ్డా ఒక ముల్లు ఆకాశం వైపు చూస్తూనే ఉంటుంది. వట్టి కాళ్లతో పొలం పోయిన ప్రతి తెలుగువాడికీ దీంతో పరిచయం ఉంది. ఆయుర్వేదంలో దీనికి మంచి పేరే ఉంది. సైకిలు తొక్కేవాళ్ల దగ్గర మాత్రం లేదు. అమెరికా పడమటి రాష్ట్రాల్లోకి ఇది పాకిపోయి, సైకిలు టైర్లను ఎంత విసిగించిందంటే అక్కడ దీనికి పంక్చర్ తీగ అనే పేరు స్థిరపడిపోయింది. దాని కాయలను, కాడలను తినే రెండు రకాల ముక్కుపురుగులను ఇటలీ నుంచి తెప్పించి 1961లో కాలిఫోర్నియాలో వదిలారు. ఒక కలుపు మొక్క మీదికి ప్రభుత్వమే పురుగుల దండును పంపిందంటే, ఆ ముల్లు ఎంత మందిని రోడ్డు మీద నిలబెట్టి ఉంటుందో ఊహించుకోవచ్చు. మనకు పల్లేరు పెద్ద సమస్యగా ఎన్నడూ కనిపించలేదు. దాన్ని తొక్కేది మన కాలు, మన సైకిలే కదా, ఎవరికి చెప్పుకుంటాం?

పల్లేరు ముల్లు పొట్టిది. కొత్త టైరు మందాన్ని దాటి లోపలికి పోవడం దానికి కష్టం. టైరు అరిగి దారాలు బయటపడ్డ తర్వాత అదే ముల్లు సులువుగా దాటేస్తుంది. ఇక్కడ ఒక మాట అనాలి. మనలో చాలామంది పంక్చర్లకు నెలనెలా డబ్బులు పోస్తారు, టైరు మార్చడాన్ని మాత్రం వచ్చే పంటకు వాయిదా వేస్తారు. దాన్ని పిసినారితనం అనలేం. పంక్చర్ చిల్లర ఏ రోజుకారోజు జేబులో దొరుకుతుంది, టైరు డబ్బు ఒక్కసారిగా కావాలి. కానీ లెక్క చూస్తే అరిగిన టైరుతో ఏడాది గడపడమే ఖరీదైన పని.

గని నుంచి రోడ్డు అంచు దాకా

గడివేముల మండలం పాతికేళ్ల కింద వేరు, ఇప్పుడు వేరు. గని గ్రామం దగ్గర మొదలై పక్కనున్న ఓర్వకల్లు మండలం శకునాల దాకా పరుచుకున్న 1,000 మెగావాట్ల సోలార్ పార్కు 2017లో పూర్తిస్థాయిలో పనిచేయడం మొదలుపెట్టింది. మండలంలో సిమెంటు కర్మాగారం ఉంది. అటు బేతంచెర్ల వైపు నాపరాతి గనులు. ఇవన్నీ కలిస్తే రోడ్డు మీద లారీలు, టిప్పర్లు, బండల ట్రాక్టర్లు. 2022 ఏప్రిల్ 4న నంద్యాల జిల్లా కేంద్రమైన తర్వాత నంద్యాల వైపు రాకపోకలు ఇంకా పెరిగాయి.

లారీలు పెరిగితే సైకిలు ట్యూబుకేం? ఉంది. ఇప్పటి లారీ టైర్లు ఎక్కువగా రేడియల్ రకం, వాటి లోపల ఉక్కు తీగల వల ఉంటుంది. టైరు పేలినా, పట్టీలుగా ఊడినా ఆ తీగల ముక్కలు వెంట్రుకంత సన్నగా రోడ్డు మీద మిగులుతాయి. మోటారు సైకిలుకు అది తెలియదు. సైకిలు టైరులోకి మాత్రం నిలువుగా దిగుతుంది. పంక్చర్ వేసేవాళ్లు ఎక్కువగా తిట్టుకునేది ఈ తీగనే. ముల్లు వేలికి గుచ్చుకుంటుంది, తీగ అదీ చెయ్యదు. గుడ్డముక్క తీసుకుని టైరు లోపల చుట్టూ తిప్పితే ఎక్కడో ఒక పోగు చిక్కుకుంటుంది, అక్కడ ఉందన్నమాట. తర్వాత పటకారుతో లాగాలి. ఒకప్పుడు ఈ బాట మీద ఎక్కువగా దొరికేవి ఎద్దుల లాడం మేకులు. కాడెద్దులు తగ్గి ట్రాక్టర్లు వచ్చాక ఆ మేకులు తగ్గాయి, వాటి చోటికి తీగలు వచ్చాయి. బండల ట్రాక్టర్ల నుంచి రాలే నాపరాతి చిప్పలు సరేసరి, వాటి అంచు కత్తి అంత పదునుగా ఉంటుంది.

ఈ చెత్తంతా రోడ్డు నడిమధ్యన ఉండదు. పెద్ద వాహనాల చక్రాలు, వాటి గాలి దాన్ని పక్కకు ఊడ్చేస్తాయి. తారు రోడ్డు అంచున, మట్టి మార్జిన్ మొదలయ్యే చోట గాజు పెంకులు, తీగలు, ముళ్లు, రాతి చిప్పలు పోగవుతాయి. సరిగ్గా అక్కడే సైకిలు పోవాలి. వెనక నుంచి హారన్ మోగగానే హ్యాండిల్ ఎడమకు తిప్పేది అందులోకే. కారు నడిపేవాడు దాటిపోయాడు, సైకిలువాడు ముల్లు ఎక్కించుకున్నాడు. దీన్ని అదృష్టం బాగోలేకపోవడం అంటే నేను ఒప్పుకోను. రోడ్డును అలా వేశారు, అలా వాడుతున్నారు. రోడ్డు వెడల్పు చేస్తున్నప్పుడు పక్కన సైకిలుకు ఒక గజం తారు అడిగేవాడు ఏ సమావేశంలోనూ ఉండడు. ఈ రాష్ట్రంలో సైకిలు గుర్తు గోడల మీద ప్రతి ఎన్నికలకూ మెరుస్తుంది, సైకిలు మాత్రం రోడ్డు పక్కన మట్టిలోనే ఉంది.

వానాకాలంలో పంక్చర్లు ఇంకా ఎక్కువ. నల్లరేగడి మట్టి టైరుకు అట్టలు కట్టి, ముళ్లను తనలో పట్టి ఉంచుతుంది. తడి రబ్బరును పెంకు ఇట్టే కోస్తుంది, నీళ్లే జారుడుకు పనికొస్తాయి. వేసవి గురించి మాత్రం ఒక అపోహ తీసేయాలి. "ఎండకు ట్యూబు పేలింది" అంటాం. చల్లని పొద్దున 45 పౌండ్ల గాలి కొట్టిన టైరు ఎండలో 50 డిగ్రీలకు వేడెక్కినా ఒత్తిడి 50 పౌండ్ల దగ్గరికి పెరుగుతుంది, అంతే. మంచి టైరు అంతమాత్రానికి పేలదు. పక్క గోడ బలహీనపడి, చీలికలోంచి ట్యూబు బుడగలా బయటికి వచ్చి ఉంటుంది. ఎండ ఆ చీలికను బయటపెట్టిందంతే.

క్లెర్మాన్‌కు వచ్చిన సైకిలు

పంక్చర్ వేశాక మళ్లీ గాలి పోయిందని చికాకుపడ్డ మనిషి చరిత్రలో ఒకడు ప్రపంచ టైర్ల వ్యాపారాన్నే మార్చేశాడు. ఆ కథ చెప్పుకోవాలి.

గాలి నింపిన టైరును మొదట ఊహించింది రాబర్ట్ విలియం థాంసన్ అనే స్కాట్లండు వాడు, 1845లో పేటెంటు కూడా తీసుకున్నాడు. అప్పటికి సైకిళ్లే లేవు, దాన్ని అందరూ మరిచిపోయారు. 1888లో బెల్‌ఫాస్ట్‌లో జాన్ బాయిడ్ డన్‌లప్ అనే పశువైద్యుడు తన కొడుకు మూడు చక్రాల సైకిలుకు గాలి టైరు తగిలించాడు. పశువుల డాక్టరు చేతిలో పుట్టిన వస్తువు అది. డన్‌లప్ పేటెంటు కూడా థాంసన్ పాత పేటెంటు బయటపడటంతో రెండేళ్లకే చెల్లకుండా పోయింది. టైరు మాత్రం నిలిచింది. కాకపోతే దాన్ని రిమ్ముకు జిగురుతో అంటించేవాళ్లు.

1889లో ఫ్రాన్సులోని క్లెర్మాన్-ఫెరాన్ పట్టణంలో రబ్బరు వస్తువులు చేసే మిషెలిన్ సోదరుల కర్మాగారానికి ఒక సైకిలువాడు పంక్చర్ పడ్డ డన్‌లప్ టైరుతో వచ్చాడు. దాన్ని రిమ్ము నుంచి ఊడదీసి బాగు చేయడానికే మూడు గంటలకు పైగా పట్టింది. జిగురు ఆరడానికి రాత్రంతా ఆగాలి. మర్నాడు ఎడ్వార్ మిషెలిన్ ఆ సైకిలు ఎక్కి చూశాడు. కొన్ని వందల మీటర్లు పోయాడో లేదో మళ్లీ గాలి పోయింది. మన అరుగు మీది వాళ్లు అక్కడుంటే "ఏం మామా?" అని ఉండేవాళ్లే. ఎడ్వార్‌కు మాత్రం రెండు సంగతులు అర్థమయ్యాయి. గాలి టైరు మీద ప్రయాణం హాయిగా ఉంది. దాన్ని ఊడదీసి బిగించడం దారిలోనే, ఎవరికైనా చేతనయ్యేలా ఉండాలి. రెండేళ్లకు, 1891లో విడదీయగల టైరు వచ్చింది. అదే ఏడు పారిస్ నుంచి బ్రెస్ట్‌కు వెళ్లి తిరిగొచ్చే పన్నెండు వందల కిలోమీటర్ల పందెంలో షార్ల్ తెరాన్ ఆ టైర్ల మీద గెలిచాడు. మరుసటి ఏడాది మిషెలిన్ సోదరులు పారిస్ నుంచి క్లెర్మాన్-ఫెరాన్‌కు సొంతంగా పందెం పెట్టించి, దారిలో వాళ్లే మేకులు చల్లించారు. అందరికీ పంక్చర్ పడాలి, అందరూ ఎంత తొందరగా బాగు చేసుకుంటారో జనం చూడాలి! వ్యాపారం కోసం రోడ్డు మీద మేకులు చల్లడం మన దగ్గర కూడా కొందరు పంక్చర్ షాపులవాళ్ల మీద పడే నింద. దాన్ని బాహాటంగా చేసి పేరు తెచ్చుకున్నవాళ్లు వీళ్లే అయి ఉండాలి.

అంటే నూట ముప్పై ఏళ్లకు పైగా సైకిలు టైరు పుట్టుకలోనే ఉన్న విషయం ఒకటి. పంక్చర్ పడటం ఖాయం. దాన్ని తొక్కేవాడే, దారిలోనే బాగు చేసుకోగలగాలి. మనం ఆ రెండో సగాన్ని మరిచిపోయాం, షాపు మీద వదిలేశాం. షాపులేమో తగ్గుతున్నాయి. మోటారు సైకిళ్లకు ట్యూబులెస్ టైర్లు వచ్చాక బొక్కలో ఒక జిగురు పట్టీ దూర్చి నిమిషాల్లో పంపేస్తున్నారు. సైకిలు వెనక చక్రానికి స్టాండు, క్యారియరు, చైన్ కవరు, మడ్‌గార్డు అన్నీ అడ్డం. పనెక్కువ, రాబడి తక్కువ. "తర్వాత రా అబ్బీ" అనే మాట సైకిలువాడికే ఎక్కువ వినబడుతుంది.

చేతిలో పని

నిజానికి మన షాపాయన చక్రం ఊడదీయనే ఊడదీయడు. టైరును ఒక పక్క రిమ్ము నుంచి లేపి, ట్యూబును పక్క నుంచి బయటికి లాగి, అక్కడికక్కడే ప్యాచీ వేస్తాడు. ఈ పద్ధతి ఎవరైనా నేర్చుకోవచ్చు. అందులో జనం తప్పు చేసే చోట్లు రెండే.

మొదటిది, ముల్లు వెతకడం. టైరు బిగించేటప్పుడు దాని మీది కంపెనీ పేరు సరిగ్గా వాల్వు ఎదురుగా వచ్చేలా బిగించడం అలవాటు చేసుకుంటే ఇది సులువు. రేపు ట్యూబులో వాల్వుకు జానెడు దూరంలో బొక్క దొరికితే, టైరు మీద కూడా పేరుకు జానెడు దూరంలో అటో ఇటో ముల్లు ఉండాలి. ఆ రెండు చోట్లా లోపలా బయటా తడిమితే దొరుకుతుంది. దొరకనంతవరకు ట్యూబు లోపల పెట్టకూడదు. తొందరలో ఉన్నా సరే. మొదట చెప్పుకున్న రెండో బొక్కల్లో సగానికి పైగా ఈ ఒక్క పనితో ఆగిపోతాయని నా నమ్మకం.

రెండోది, ఓపిక. ట్యూబును గరుకు కాగితంతో గీరి పై మెరుపు పోగొట్టాలి. సొల్యూషన్ పలచగా రాసి వదిలేయాలి. తడిగా ఉండగానే ప్యాచీ అంటిస్తే లోపల చిక్కుకున్న ద్రావకం దాన్ని పట్టుకోనివ్వదు. వేలు తగిలితే అంటుకోనంతగా ఆరాక అంటించి గట్టిగా నొక్కాలి. సొల్యూషన్ మీద నోటితో ఊదడం చాలామందికి అలవాటు. ఊపిరిలో తేమ ఉంటుంది, దానితో మేలు లేదు. చెట్టు నీడన రెండు నిమిషాలు కూచుంటే అదే ఆరుతుంది.

ఇక ముందు జాగ్రత్తలు. పాత టైరు అంచులు కోసేసి, మిగిలిన పట్టీని టైరుకూ ట్యూబుకూ మధ్య గేటరుగా వేయడం పాత చిట్కా. బరువు పెరుగుతుంది, తొక్కడం కష్టమవుతుంది, ముల్లు మాత్రం దాటదు. పట్టీ కొసలు ట్యూబును రాయకుండా పలచగా చెక్కి, కాస్త పౌడరు చల్లాలి. ట్యూబులో పోసే పంక్చర్ ద్రవాలు ముళ్ల బొక్కలకు పనికొస్తాయి, చీలికలకు కావు. కొన్నాళ్లకు గడ్డకడతాయి కూడా. ఇవన్నీ ఒకెత్తు, గాలి సరిగా కొట్టడం ఒకెత్తు. టైరు పక్క గోడ మీద ఎంత కొట్టాలో అచ్చు వేసే ఉంటుంది. వెనక చక్రమే మనిషి బరువులో ఎక్కువ భాగాన్ని, క్యారియరు మీది మూటనూ మోస్తుంది. ముందు చక్రం కదిలించి నిలబెట్టిన మేకు వెనక చక్రానికే దిగుతుంది. అందుకే మంచి టైరు ఒక్కటే ఉంటే, ముల్లు లెక్కన అది వెనకకు వేయాలనిపిస్తుంది. ప్రాణం లెక్కన మాత్రం ముందుకే. ముందు టైరు పేలితే హ్యాండిల్ చేతిలో ఉండదు.

సైకిలు ఇచ్చారు, పంపు?

2006లో బీహార్ ప్రభుత్వం తొమ్మిదో తరగతిలో చేరే ఆడపిల్లలకు సైకిళ్లు ఇవ్వడం మొదలుపెట్టింది. ఆర్థికవేత్తలు కార్తీక్ మురళీధరన్, నిశీథ్ ప్రకాశ్ దాన్ని లెక్కగట్టి చూశారు. హైస్కూల్లో ఆడపిల్లల చేరిక 32 శాతం పెరిగింది. మగపిల్లలతో ఉన్న తేడా 40 శాతం తగ్గింది. ఫలితం బాగా కనిపించింది బడి మూడు కిలోమీటర్లకు పైగా ఉన్న ఊళ్లలో. మన రాష్ట్రంలోనూ 'బడికొస్తా' పేరుతో హైస్కూలు అమ్మాయిలకు సైకిళ్లు ఇచ్చారు. మంచి పని. కానీ మూడు కిలోమీటర్ల దూరం పంక్చర్ పడ్డ రోజు కూడా మూడు కిలోమీటర్లే. ఆ రోజు పిల్ల సైకిలును తోసుకుంటూ బడికి పోదు, ఇంటికి తిరిగొస్తుంది. అయిదారుసార్లు అలా జరిగాక సైకిలు వసారాలో గోడకు ఆనుతుంది, దాని మీద బట్టలు ఆరతాయి. ఇంట్లో అన్నో నాయనో బాగు చేయిస్తే సరి, లేదంటే లేదు. సైకిలును లెక్కపెట్టే రిజిస్టరు ఉంది, గాలి పోయిన సైకిలును లెక్కపెట్టే రిజిస్టరు లేదు.

ఆఫ్రికా దేశాల్లో సైకిళ్లు ఇచ్చే వరల్డ్ బైసికిల్ రిలీఫ్ అనే సంస్థ 2005లో పుట్టింది. సైకిలుతో పాటు ఆ ఊళ్లోనే మెకానిక్కులకు శిక్షణ ఇచ్చి, పానాలు చేతికిచ్చి తయారు చేయడం దాని పని తీరు. మనకు అంత దూరం పోవాల్సిన పని కూడా లేదు. ఒక హైస్కూలుకు ఒక నిలువు పంపు, రెండు టైరు లివర్లు, ఒక డబ్బా సొల్యూషన్, ఒక కట్ట ప్యాచీలు, కాసిన్ని వాల్వు ట్యూబులు. ఎనిమిదో తరగతి పిల్లలకు ఒక మధ్యాహ్నం నేర్పితే తొమ్మిదో తరగతికి వచ్చేసరికి వాళ్లే చెల్లెళ్లకు నేర్పుతారు. అమ్మాయిలకు ఇది చేతకాదనే పెద్దలు ఎవరైనా ఉంటే, బావి మోటారు ఫ్యూజు ఎవరు వేస్తున్నారో ఒకసారి ఇంట్లో చూసుకోవాలి.

పంచాయతీలు చేయగల పని ఇంకోటి ఉంది. కాలువ గట్లు, రోడ్డు పక్కలు బాగు చేసేటప్పుడు జంగిల్ క్లియరెన్స్ అని కంప నరికిస్తారు. నరికిన కంప అక్కడే ఎండుతుంది, ముళ్లు రోడ్డు అంచున మిగులుతాయి. ఆ వారం రోజులు అటు పోయే సైకిళ్లన్నీ పంక్చర్ షాపుకే. కొమ్మలు నరికిన రోజే ఎత్తి, అంచును చీపురుతో ఊడవడం కూడా ఆ పనిలోనే రాయించాలి. బిల్లులో ఒక లైను పెరుగుతుంది.

పెట్రోలు బంకుల్లో వాహనాలకు గాలి ఉచితంగా పట్టాలని నిబంధన. బోర్డు కూడా ఉంటుంది. సైకిలువాడు వెళ్లి అడిగితే కుర్రాడు గొట్టం చూపిస్తాడు, అది మన వాల్వుకు పట్టదు. కారు వాల్వు కొలత వేరు, డన్‌లప్ వాల్వు కొలత వేరు. మధ్యలో బిగించడానికి వేలి కొనంత ఇత్తడి బిరడా ఒకటి ఉంటుంది, సైకిలు సామాన్ల షాపుల్లో దొరుకుతుంది. కంప్రెసర్ గాలి వేగానికి సన్నటి ట్యూబు పగలకుండా ఆపి ఆపి పట్టుకోవాలి, అంతే. దాన్ని దారానికి కట్టి గొట్టం పక్కన వేలాడదీయమని బంకు వాళ్లను అడగడానికి మనకు మొహమాటం దేనికి? ఆ గాలికి మనమేమీ డబ్బులు ఎగ్గొట్టడం లేదు కదా.